రీసెట్ కొట్టే ముందు

పెద్ద భవనాల్లో ఏసీని, గాలిని, లైట్లను, నీళ్ల పంపులను నడిపించే కంట్రోలర్లకు మూత కిందో పక్కనో ఒక చిన్న బటన్ ఉంటుంది. కొన్నిటిలో బటన్‌కు బదులు జంపర్ ఉంటుంది, మరికొన్నిటిలో సాఫ్ట్‌వేర్‌లోనే ఆప్షన్ ఉంటుంది. పద్ధతి ఏదైనా ఫలితం ఒకటే. కంపెనీ డబ్బాలోంచి తీసిన రోజు ఎలా ఉందో కంట్రోలర్ మళ్లీ అలా అయిపోతుంది. ఫోన్ మొరాయిస్తే రీసెట్ కొట్టడం అందరికీ అలవాటే. అందుకే ప్యానెల్ హ్యాంగైనప్పుడు కూడా ముందు ఆ ఆలోచనే వస్తుంది. ఆ పని ఎప్పుడు చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, చేసేముందు చేతిలో ఏమేం ఉండాలి అనే విషయంలో తయారీదారులకు, సైట్ ఇంజినీర్లకు, సైబర్ భద్రత నిపుణులకు, భవన యజమానులకు మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ వాదనలన్నీ ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది. ఎందుకంటే ఇలాంటి భవనాలు హైదరాబాద్ దాటి జిల్లాలకు వస్తున్నాయి.

ఫ్యాక్టరీ స్థితి అంటే భద్రమైన స్థితి అని చాలామంది నమ్మకం. నేను అలా అనుకోను. అది ఏ భవనం గురించీ ఏమీ తెలియని స్థితి. ఏమీ తెలియని యంత్రం కూడా కరెంటు ఇవ్వగానే ఏదో ఒకటి చేస్తుంది. ఆ 'ఏదో ఒకటి' ఏమిటో ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ ముందే నిర్ణయించి పెట్టి ఉంటుంది.

ఈ సంగతి తొర్రూరు చుట్టుపక్కల రైతులకు అనుభవంలో ఉన్నదే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు ఊరూరా చెప్పాయి. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో, బావి దగ్గరికి పోకుండానే మోటారు దానంతటదే ఆన్ కావాలని పెట్టుకున్న పెట్టె అది. కరెంటు రోజంతా ఉండేసరికి అదే పెట్టె అక్కరున్నా లేకున్నా నీళ్లు తోడడం మొదలుపెట్టింది. పోయిన కరెంటు తిరిగొస్తే ఫీడర్ మీది మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం వేసేవి. పెట్టెలో ఏ లోపమూ లేదు. మనిషి ఏమీ చెప్పనప్పుడు ఏం చెయ్యాలో దానికి ఒకప్పుడు నేర్పారు, అది అదే చేసింది. భవనాల కంట్రోలర్‌ను రీసెట్ కొట్టేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది కూడా ఇదే. రీసెట్ తర్వాత మొదటి నిమిషంలో ఫ్యాన్ తిరుగుతుందా ఆగుతుందా, వాల్వ్ తెరుచుకుంటుందా మూసుకుంటుందా?

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్న తొర్రూరు 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పెద్ద పెద్ద సెంట్రల్ ఏసీ భవనాల ఊరు కాదు. అయినా ఈ విషయం ఆ ఊరికి దూరం కాదు. ఇలాంటి ఊళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలే హైదరాబాద్ టవర్లలో షిఫ్టు టెక్నీషియన్లుగా, భవన నిర్వహణ వ్యవస్థ (బీఎంఎస్) ఆపరేటర్లుగా చేరుతున్నారు. పెద్ద జబ్బు చేస్తే తొర్రూరు మనుషులు పోయేది వరంగల్‌కే. అక్కడ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆసుపత్రి లాంటి భవనం వందల కొద్దీ కంట్రోలర్లు లేకుండా నడవదు. ఆపరేషన్ థియేటర్ సంగతే చూడండి. ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం సూపర్ స్పెషాలిటీ థియేటర్‌లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, బయటి గదుల కంటే లోపల గాలి ఒత్తిడి కనీసం 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి. ఆ ఒత్తిడిని కనిపెట్టి ఉండేది గోడ వెనక పెట్టెలో ఉన్న ఒక చిన్న బోర్డు. దాన్నే సైట్‌లో డీడీసీ అంటారు.

మన దగ్గర ఈ కథ కొండాపూర్‌లో మొదలైందని చెప్పుకోవచ్చు. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న మొదటి భవనం. ఇంధన పొదుపు భవన నియమావళి కేంద్రంలో 2007లో వచ్చింది. 2014 ఆరంభంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలిలో లేచిన ప్రతి పెద్ద టవర్‌లోనూ కంట్రోలర్లు మామూలైపోయాయి. కరెంటు ఎలా ఆదా అవుతుందన్న దాని గురించి ఈ ఇరవై ఏళ్లలో చాలా రాశారు. ఆదా చేసే ఆ తెలివి ఒక్క బటన్‌తో పోతుందన్న సంగతి గురించి రాసింది తక్కువ.

పోయేది ఏమిటో దగ్గరగా చూద్దాం. ఒక అంతస్తుకు గాలి పంపే ఏహెచ్‌యూ రూము. తలుపు తియ్యగానే ఫ్యాన్ మోత, కింద డ్రెయిన్ ట్రే దగ్గర తడి. గోడకు బూడిద రంగు ప్యానెల్, దానిమీద ఆటో, ఆఫ్, మాన్యువల్ అని తిప్పే స్విచ్. లోపల డీడీసీ, దాని టెర్మినళ్లలోకి నంబర్లు తొడిగిన సన్నటి వైర్లు. ఒక వైరు రిటర్న్ గాలి సెన్సర్ నుంచి వస్తుంది, ఒకటి ఫిల్టర్ మురికి చెప్పే స్విచ్ నుంచి వస్తుంది, ఒకటి చిల్డ్ వాటర్ వాల్వ్‌కు పోతుంది, ఒకటి ఫ్యాన్ వేగం మార్చే వీఎఫ్‌డీకి పోతుంది. రీసెట్ కొట్టినా ఈ వైర్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఏ టెర్మినల్‌లో ఏముందో కంట్రోలర్‌కు తెలియదు. మూడో ఇన్‌పుట్‌లో ఉన్నది ఉష్ణోగ్రతా, ఒత్తిడా, ఉత్త స్విచ్చా అన్నది చెరిగిపోయింది.

సెన్సర్ రకం తప్పు పడితే ఏమవుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది కనపడని తప్పు. భవనాల్లో ఎక్కువగా వాడే థర్మిస్టర్లు రెండు రకాలు, పదివేల ఓముల టైప్ 2, టైప్ 3. రెండూ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఒకే విలువ చూపిస్తాయి. రీసెట్ తర్వాత తొందరలో టైప్ 2 బదులు టైప్ 3 ఎంచుకుంటే, గదిలో 24, 25 డిగ్రీలే కాబట్టి స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. అదే తప్పు 7 డిగ్రీల చల్లటి నీళ్ల పైపు మీది సెన్సర్‌కు పడితే డిగ్రీకి పైగా తేడా వస్తుంది. చిల్లర్ ఆ అబద్ధాన్నే నమ్మి నడుస్తుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. ఇలాంటి తప్పు ఒక వేసవి దాటినా బయటపడకపోవచ్చు.

సీలింగ్ లోపల ఉండి, గదులకు గాలిని కొలిచి వదిలే వీఏవీ పెట్టెల సంగతి ఇంకా బాధాకరం. ఒక్కో పెట్టెకూ కె–ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. గాలి ఒత్తిడిలో తేడాను బట్టి ఎంత గాలి పోతోందో లెక్కకట్టడానికి ఆ అంకె కావాలి. కేటలాగ్‌లో ఒక విలువ ఇస్తారు కానీ, సైట్‌లో డక్టు వంపులను బట్టి అది మారుతుంది. అందుకని భవనం మొదలయ్యే ముందు బ్యాలెన్సింగ్ మనుషులు నిచ్చెన వేసుకుని, ప్రతి డిఫ్యూజర్ కింద గుడ్డ హుడ్ పట్టుకుని, నిజంగా వచ్చే గాలి కొలిచి, ఆ అంకెను దిద్దుతారు. ఒక్కో అంతస్తులో పదుల పెట్టెలు, అలాంటి అంతస్తులు ఇరవై. వారాల పని. ఆ పని ఫలితమంతా కంట్రోలర్ మెమరీలో ఒక దశాంశ అంకెగా కూర్చుని ఉంటుంది. దాని నకలు ఎక్కడా లేకుండా రీసెట్ కొడితే కేటలాగ్ అంకె వచ్చి కూర్చుంటుంది. మళ్లీ నిచ్చెన ఎక్కేవాళ్లు ఉండరు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఉక్కపోతతో, గోడ పక్కన కూర్చున్నవాళ్లు చలితో ఏళ్లు గడుపుతారు.

వీటితోపాటు పోయేవి ఇంకా ఉన్నాయి. వాల్వ్ సున్నా నుంచి పది వోల్టులకు తెరుచుకుంటుందా, రెండు నుంచి పదికా అన్నది. డ్యాంపర్ దిశ. సెలవుల క్యాలెండర్. అలారం హద్దులు. ఏళ్ల ట్రెండ్ లాగ్‌లు. కొందరి అనుభవంతో మెల్లమెల్లగా దిద్దుకున్న, యంత్రం ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే పీఐడీ విలువలు.

పోనివి కూడా తెలుసుకోవాలి. ఫర్మ్‌వేర్ సాధారణంగా పాతదానికి వెనక్కి పోదు. కాబట్టి ఫర్మ్‌వేర్‌లోనే లోపం ఉంటే రీసెట్ దాన్ని నయం చెయ్యదు. డిప్ స్విచ్‌లతో పెట్టిన అడ్రస్ చెక్కుచెదరదు, సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చిన అడ్రస్ ఎగిరిపోతుంది. అగ్నిప్రమాదంలో ఫ్యాన్‌ను ఆపే వైరు, మోటారు ఓవర్‌లోడ్ ట్రిప్ లాంటివి నేరుగా వైరింగ్‌లో ఉంటే కంట్రోలర్ బతికినా చచ్చినా పనిచేస్తాయి. ప్రాణభద్రతకు సంబంధించినవన్నీ అలా వైరింగ్‌లోనే ఉండాలని మంచి డిజైనర్లు పట్టుబట్టేది ఇందుకే. ఖర్చు తగ్గించడానికి వాటిని ప్రోగ్రామ్‌లోకి మార్చిన భవనంలో రీసెట్ బటన్ ముట్టుకోకూడదు.

నెట్‌వర్క్ మీద ఉన్న కంట్రోలర్‌కు మరో చిక్కు ఉంది. అది ఒంటరిది కాదు. కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బ్యాక్‌నెట్ ప్రమాణంలో ప్రతి కంట్రోలర్‌కూ 0 నుంచి 41,94,302 లోపు ఒక సొంత నంబర్ ఉండాలి, మొత్తం నెట్‌వర్క్‌లో మరొకదానికి ఆ నంబర్ ఉండకూడదు. రీసెట్ తర్వాత డిఫాల్ట్ నంబర్ వస్తుంది. అదే కంపెనీది మరో కంట్రోలర్ ఎప్పుడో రీసెట్ అయి అదే నంబర్ మీద ఉంటే, ఆపరేటర్ స్క్రీన్ మీద ఒక ఏహెచ్‌యూ పేరు కింద ఇంకో ఏహెచ్‌యూ విలువలు కనబడతాయి. రెండు వైర్ల ట్రంక్ మీద రెండింటికి ఒకే అడ్రస్ పడితే ఇంకా కష్టం, ఆ ట్రంక్ మీది మిగతా కంట్రోలర్ల మాటలు కూడా తెగిపోతాయి. ఒక్కదాన్ని బాగుచెయ్యబోతే అంతస్తంతా ఆఫ్‌లైన్ అవుతుంది. ఐపీ కంట్రోలర్లయితే డిఫాల్ట్ ఐపీకి పోతాయి. ఉదాహరణకు ట్రిడియం వారి జేస్ 8000 కంట్రోలర్ మొదటి పోర్టు 192.168.1.140 మీద మేల్కొంటుంది. భవనం నెట్‌వర్క్ వేరే వరుసలో ఉంటే అది కనబడకుండా పోయినట్టే. ల్యాప్‌టాప్ పట్టుకుని, నేరుగా కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ ఐపీ మార్చుకుని మాట్లాడాల్సిందే.

ఇంత జరిగే పనికి ప్రమాణాల్లో ఏం రాసి ఉంది? 1987లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ న్యూమన్ నాయకత్వంలో ఏసీ, హీటింగ్ ఇంజినీర్ల సంఘం ఆష్రే బ్యాక్‌నెట్ పని మొదలుపెట్టింది. 1995లో అది ప్రమాణంగా వచ్చింది, 2003లో ఐఎస్‌వో ప్రమాణం అయింది. ఆ ప్రమాణంలో కంట్రోలర్‌ను తిరిగి లేపడానికి ఒక సర్వీస్ ఉంది. దాంట్లో వార్మ్ స్టార్ట్ ఉంది, కోల్డ్ స్టార్ట్ ఉంది, బ్యాకప్ మొదలుపెట్టడం, రీస్టోర్ మొదలుపెట్టడం ఉన్నాయి. ఫ్యాక్టరీ రీసెట్ లేదు. అది పూర్తిగా తయారీదారు ఇష్టం. అందుకే ఒక కంపెనీలో 'కోల్డ్ స్టార్ట్' అన్నది ఉత్త రీస్టార్ట్ అయితే, ఇంకో కంపెనీలో అదే మాట ప్రోగ్రామ్ విలువలను చెరిపేస్తుంది. ఒక కంపెనీ అలవాటుతో ఇంకో కంపెనీ ప్యానెల్ ముట్టుకునే టెక్నీషియన్ తప్పు చేస్తే ఆ తప్పు అతనిది మాత్రమే కాదని నేనంటాను. పైగా ఆ సర్వీస్‌కు పాస్‌వర్డ్ పెట్టడం ఐచ్ఛికం, పెట్టినా మామూలు బ్యాక్‌నెట్‌లో అది దాపరికం లేకుండా వైరు మీద పోతుంది. సర్టిఫికెట్లతో పనిచేసే కొత్త రూపం బ్యాక్‌నెట్ సెక్యూర్ కనెక్ట్ ఈ లోపాన్ని సరిదిద్దింది. దాంట్లో రీసెట్ కొడితే సర్టిఫికెట్లు కూడా మళ్లీ ఇప్పించుకోవాలి. అంటే ఆ భవనానికి సర్టిఫికెట్లు జారీ చేసేవాళ్లు ఎవరో, వాళ్ల దగ్గర ఉన్న తాళాలు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి.

అసలు వాదం ఇక్కడ మొదలవుతుంది. రీసెట్ తేలికగా ఉండాలా, కష్టంగా ఉండాలా?

కష్టంగా ఉండాలనేవాళ్ల మాట ఇది. బటన్ నొక్కితే చాలు భవనం ఆగిపోతుందంటే, కోపం వచ్చిన కాంట్రాక్టు మనిషి ఒక్కడు చాలు. అందుకని తాళం వెయ్యాలి, పాస్‌వర్డ్ లేకుండా రీసెట్ కాకూడదు. పాస్‌వర్డ్ మరిచిపోతే పెట్టెను కంపెనీకి పంపాలి. ఈ వాదంలో నిజం లేకపోలేదు. హోటల్ గదుల్లోని థర్మోస్టాట్ల లాంటి, అందరి చేతికీ అందే పరికరాలకు ఇది సరైనదే.

అయితే ఈ తాళం ఎదురుతిరిగితే ఏమవుతుందో 2021 అక్టోబరులో జర్మనీలో కనబడింది. బిల్డింగ్ ఆటోమేషన్ పనులు చేసే ఇంజినీరింగ్ సంస్థ ఒకటి తాను చూసుకునే ఆఫీసు భవనంలో వందల పరికరాలతో సంబంధం కోల్పోయింది. లైట్ స్విచ్‌లు, మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు, కిటికీ షట్టర్ల కంట్రోలర్లు. అవి కేఎన్‌ఎక్స్ అనే కమ్యూనికేషన్ పద్ధతివి. రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన ఒక పోర్టు ద్వారా ఎవరో లోపలికి వచ్చి, దాదాపు మూడొంతుల పరికరాల్లోని ప్రోగ్రామ్‌ను తుడిచేశారు. అంతటితో ఆగలేదు. ఆ పద్ధతిలో బీసీయూ కీ అనే నాలుగు బైట్ల తాళం ఉంది. యజమాని తన భద్రత కోసం పెట్టుకోవాల్సిన తాళం అది. యజమాని పెట్టలేదు కాబట్టి దాడి చేసినవాళ్లు తమది పెట్టి పోయారు. ఆ తాళం పడ్డాక పరికరాన్ని మొదటి స్థితికి తెచ్చే దారి లేదు. పరికరాలు పారేసి కొత్తవి పెట్టుకోవడమే మార్గమన్న పరిస్థితి వచ్చింది. ఆ భవనంలో మనుషులు లైట్లు వేసుకోవడానికి మెయిన్ బ్రేకర్లు ఎత్తుతూ దించుతూ గడిపారు. చివరికి ఆస్ట్రియాకు చెందిన లైమ్స్ సెక్యూరిటీ అనే సంస్థ నిపుణులు ఒక పరికరం చిప్ మెమరీలోంచి ఆ కీని బయటికి లాగారు. అదృష్టవశాత్తు దాడి చేసినవాళ్లు అన్నిటికీ ఒకే కీ వాడారు.

ఈ సంఘటనను చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. తుడిచెయ్యడం దొంగకు సాధ్యమైంది, తిరిగి మొదలుపెట్టడం యజమానికి సాధ్యం కాలేదు. ఉండాల్సింది దీనికి సరిగ్గా తలకిందులుగా. నా తీర్పు ఇది: నెట్‌వర్క్ మీది నుంచి ఫ్యాక్టరీ రీసెట్ అసాధ్యం కావాలి, ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషికి సాధ్యం కావాలి, ఆ ప్యానెల్ ఉన్న గదికి మంచి తాళం ఉండాలి. లోకానికి తెలిసిన పెద్ద దాడుల్లో ఎక్కువ భాగం తీగ వెంబడే వచ్చాయి, ఏహెచ్‌యూ రూము తలుపు తోసుకుని రాలేదు. కోపం వచ్చిన మనిషి భయం నిజమే, కానీ ఆ మనిషికి రీసెట్ బటన్ అక్కర్లేదు, మెయిన్ స్విచ్ పక్కనే ఉంటుంది. బ్యాకప్ ఉంటే అతను చేసిన నష్టం ఒక పూటది.

ఆ దాడుల కథలు కూడా రీసెట్ గురించి వేర్వేరు సంగతులు చెబుతాయి. 2013లో బిల్లీ రియోస్, టెర్రీ మెకార్కల్ అనే ఇద్దరు పరిశోధకులు సిడ్నీలోని గూగుల్ కార్యాలయ భవనం కంట్రోల్ వ్యవస్థలోకి ఇంటర్నెట్ నుంచే ప్రవేశించగలిగారు. లోపానికి ప్యాచ్ ఎప్పుడో వచ్చింది, ఆ భవనంలో వెయ్యలేదు. వాళ్లకు తాళం చెవిగా పనికొచ్చింది కాన్ఫిగరేషన్ ఫైలు, అందులోనే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది. అంటే బ్యాకప్ ఫైలు ఎంత అవసరమో అంత ప్రమాదం కూడా. దాన్ని కన్సోల్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద వదిలెయ్యకూడదు.

2016 నవంబరులో ఫిన్లాండ్‌లోని లాపేన్రాంటా పట్టణంలో రెండు అపార్టుమెంట్ల హీటింగ్ ఆగిపోయింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిపడ్డ ఒత్తిడికి కంట్రోలర్ తనంతట తాను రీస్టార్ట్ అయ్యింది, లేవగానే మళ్లీ అదే ఒత్తిడి, మళ్లీ రీస్టార్ట్. గడ్డకట్టే చలిలో యంత్రం తనకు తెలిసిన వైద్యాన్నే తిరిగి తిరిగి చేసుకుంటూ కూర్చుంది. తీగ పీకనంత వరకు ఎన్నిసార్లు మొదలుపెట్టినా లాభం లేదు.

అదే ఏడాది మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించింది. అరవై పైచిలుకు డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితాతో అది కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకుంది. 2016 అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద పడి అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లను నిలిపేసిన దాడిలో అలాంటి పెట్టెలే సైన్యం. మిరాయ్ మెమరీలోనే బతుకుతుంది కాబట్టి పరికరాన్ని ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతుంది. కానీ పాస్‌వర్డ్ డిఫాల్ట్‌దే అయితే నిమిషాల్లో మళ్లీ పట్టుకుంటుంది. వైరస్ పట్టిందని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు, మార్చుకున్న పాస్‌వర్డ్‌ను కూడా చెరిపేసి దానికి తలుపు తీసినట్టయింది. దీని తర్వాతే ప్రభుత్వాలు కదిలాయి. ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మకూడదన్న చట్టం కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. తొర్రూరు లాంటి ఊళ్లో దుకాణాల మీద ఉన్న కెమెరాలకు అది మంచిదే. ఆ నిబంధన కెమెరాల కోసం రాసింది. గోడ వెనక డీడీసీకి కూడా అలాంటిది కావాలి.

ఇక్కడ భద్రతావాళ్లకూ సైట్‌వాళ్లకూ ఇంకో తగువు ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్–ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. కంట్రోలర్ మీద దాడి జరిగిందని అనుమానం రాగానే రీసెట్ కొడితే ఆధారాలన్నీ పోతాయి. కొట్టకుండా ఉంటే థియేటర్‌లో గాలి ఉండదు. ఆధారాల కోసం రోగిని ఆపమని ఎవరూ అనలేరు. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ప్రతి రకం కంట్రోలర్ ఒకటి స్టోర్‌రూములో స్పేర్‌గా ఉంటే, అనుమానం ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టి, స్పేర్‌లో బ్యాకప్ ఎక్కించి నడిపించుకోవచ్చు. రీసెట్ తొందర ఉండదు, ఆధారం ఆధారంలాగే ఉంటుంది.

పాత పరికరాలు అమ్మేటప్పుడు మాత్రం రీసెట్ తప్పనిసరి, దాని మీద భిన్నాభిప్రాయం లేదు. 2023లో సైబర్ భద్రత సంస్థ ఈసెట్ పాత నెట్‌వర్క్ రూటర్లు 18 కొని చూస్తే తొమ్మిదింటిలో పాత యజమానుల నెట్‌వర్క్ వివరాలు చెరపకుండా ఉన్నాయి. భవనాల కంట్రోలర్లు కూడా అవే సెకండ్ హ్యాండ్ బజార్లకు చేరుతుంటాయి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి, ప్రోగ్రామ్ ఎవరిది అన్నది. భవనం కట్టేటప్పుడు కంట్రోలర్లు పెట్టి ప్రోగ్రామ్ రాసేది సిస్టమ్ ఇంటిగ్రేటర్. చాలా రకాల కంట్రోలర్లలో లోపల ఉండేది యంత్రానికి అర్థమయ్యే రూపం మాత్రమే, మనిషి చదివి దిద్దగలిగే సోర్స్ ఫైలు ఇంటిగ్రేటర్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. హ్యాండోవర్ రోజు యజమానికి వార్నిష్ మెరుస్తున్న ప్యానెళ్లు, లావుపాటి ఫైళ్లు ఇస్తారు. సోర్స్ ఇవ్వకపోవచ్చు. నాలుగేళ్లకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) వేరే కంపెనీకి పోతుంది. ఒకరోజు ఒక డీడీసీ హ్యాంగవుతుంది. కొత్త కంపెనీ కుర్రాడికి పాస్‌వర్డ్ లేదు, రీసెట్ ఒక్కటే దారి. రీసెట్ అయితే ఎక్కించడానికి ప్రోగ్రామ్ లేదు. అప్పుడు స్విచ్ మాన్యువల్‌కు తిప్పి ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో వదిలేస్తారు. 'తర్వాత చూద్దాం' అన్న ఆ పని తర్వాత ఎవరూ చూడరు. కోట్లు పెట్టి కొన్న ఆటోమేషన్ ఇలా ఒక్కొక్క ప్యానెల్ చొప్పున మాన్యువల్‌లోకి జారిపోతుంది. ఆ కుర్రాణ్ని తప్పుపట్టడానికి లేదు. అతని చేతికి ఏమీ ఇవ్వకుండా సైట్‌కు పంపినవాళ్లది తప్పు.

బ్యాకప్ ఉంది అని చెప్పడం వేరు, అది పనికొస్తుందని చూపించడం వేరు. ట్రిడియం వారి కొత్త తరం నయాగరా వ్యవస్థలో బ్యాకప్‌కు ఒక పాస్‌ఫ్రేజ్ ఉంటుంది, అది తెలియకపోతే లోపలి రహస్యాలు తెరుచుకోవు. ఫైలు ఉండి పాస్‌ఫ్రేజ్ లేని భవనం బ్యాకప్ లేని భవనంతో సమానం. పాత కంట్రోలర్లలో ప్రోగ్రామ్ బ్యాటరీ ఆధారంతో ర్యామ్‌లో ఉండేది. రూపాయి బిళ్లంత బ్యాటరీ చచ్చిపోయి, వేసవిలో కరెంటు కాసేపు ఎక్కువ పోతే, ఎవరూ బటన్ ముట్టకుండానే ఫ్యాక్టరీ స్థితి వచ్చేసేది. అలాంటివి ఇంకా గోడల మీద ఉన్నాయి. వాటి బ్యాటరీ మార్చిన తేదీ ప్యానెల్ తలుపు లోపల రాసి పెట్టుకోవడం చిన్న పని, పెద్ద రక్షణ.

రీసెట్ నిజంగా తప్పనప్పుడు పద్ధతిగా చేసేవాళ్లు ఎలా చేస్తారో చెబుతాను. ముందు ఆ కంట్రోలర్ చూసుకునే యంత్రాలను ప్యానెల్ స్విచ్‌తో మాన్యువల్‌కు తెచ్చి, వాల్వ్ ఎక్కడ ఆగాలో చేత్తో పెడతారు. కంట్రోలర్ ఇంకా మాట్లాడగలిగితే దానిలోంచి తాజా బ్యాకప్ తీసుకుంటారు, ఎందుకంటే హ్యాండోవర్ రోజు ఫైలులో ఆ తర్వాత దిద్దిన విలువలు ఉండవు. మాట్లాడకపోతే సెట్‌పాయింట్లు, కె–ఫ్యాక్టర్లు ఆపరేటర్ స్క్రీన్ మీద కనిపించినంత వరకు ఫొటో తీస్తారు. నెట్‌వర్క్ కేబుల్ పీకుతారు. దీన్ని చాలామంది మరుస్తారు, డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఒక్క నిమిషం కూడా అది భవనం నెట్‌వర్క్ మీద ఉండకూడదు. అప్పుడు రీసెట్. ల్యాప్‌టాప్‌తో నేరుగా కలిసి, పాస్‌వర్డ్, అడ్రస్, డివైస్ నంబర్ పెట్టి, ప్రోగ్రామ్ ఎక్కించాక గానీ కేబుల్ తిరిగి పెట్టరు. చివరగా ఒక్కో పాయింట్ వెళ్లి చూస్తారు. స్క్రీన్ మీద వాల్వ్ 50 శాతం అంటే వాల్వ్ దగ్గర సూది సగంలో ఉందా అని కంటితో చూస్తారు. ఇది ఒకరితో అయ్యే పని కాదు, ఒకరు స్క్రీన్ దగ్గర, ఒకరు వాల్వ్ దగ్గర ఫోన్‌లో మాట్లాడుకుంటూ చెయ్యాలి.

ప్రభుత్వ భవనాల టెండర్లలో నాలుగు పంక్తులు చేరితే సగం సమస్య తీరుతుంది. సోర్స్ ప్రోగ్రామ్, పాయింట్ల జాబితా, యంత్రాలు ఏ వరుసలో నడవాలో మామూలు మాటల్లో రాసిన వివరణ, పాస్‌వర్డులు యజమాని ఆస్తి. ఆష్రే 2018లో తెచ్చిన గైడ్‌లైన్ 36 ఆ వివరణ ఎలా రాయాలో నమూనా చూపించింది. ఇంకో షరతు కూడా పెట్టాలి. చివరి బిల్లు చెల్లించే ముందు, యజమాని తరఫు ఇంజినీర్ తనకు నచ్చిన ఏదో ఒక కంట్రోలర్‌ను చూపించి, దాన్ని ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, ఇచ్చిన ఫైళ్లతోనే తిరిగి నడిపించమని అడగాలి. ఆ పని తన కళ్ల ముందు అయితేనే సంతకం. వరంగల్‌లో రాబోయే థియేటర్ల విషయంలో ఈ పరీక్షను రోగులను చేర్చుకోకముందే చెయ్యడం సులువు, చేర్చుకున్నాక చెయ్యడం దాదాపు అసాధ్యం.

మనుషుల విషయానికొస్తే, తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసింది. ఆ కేంద్రాల్లో రోబోలు, సీఎన్‌సీ యంత్రాల పక్కన ఒక చెక్క బోర్డు మీద రెండు వేర్వేరు కంపెనీల డీడీసీలు, ఒక వాల్వ్, ఒక చిన్న ఫ్యాన్, రెండు రకాల థర్మిస్టర్లు బిగించి పెట్టాలి. పిల్లలు దాన్ని చెరిపి, తిరిగి నిలబెట్టి, తప్పు సెన్సర్ రకం ఎంచుకుంటే చల్లటి నీళ్ల దగ్గర ఎంత తేడా వస్తుందో ఐస్ నీళ్ల గ్లాసులో సెన్సర్ ముంచి వాళ్లే చూడాలి.